అప్ప చెప్పని ముగింపు

పుస్తకం చివర ఏమవుతుందో ముందే తెలిసిపోతే ఇక చదవడానికి ఏం మిగులుతుందని నేను చాలా ఏళ్ళు గట్టిగా వాదించాను. ఎవరితోనో కాదు, మా అప్పతోనే. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఏ నవల చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చివరి రెండు పేజీలు చదివేసేది. ఆ తర్వాత గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, తీరిగ్గా మొదటి పేజీ తీసేది. అంతా తెలిసిన కథని అంత ఇష్టంగా ఎలా చదువుతుందో నాకు అర్థమయ్యేది కాదు. పోనీ ఆ తెలిసింది తనలోనే ఉంచుకుంటే గొడవ లేదు. ఉంచుకునేది కాదు.

మేం పెరిగింది నందిగాంలో. నాన్న టెక్కలిలో ఒక బట్టల షాపులో పనిచేసేవాడు. వారానికోసారి అక్కడి లైబ్రరీ నుంచి ఒక నవల తెచ్చేవాడు. కార్డు మీద ఒకటే ఇచ్చేవారు. ఇంట్లో చదివేవాళ్ళం ఇద్దరం. పెద్దది కాబట్టి ముందు అప్ప, తర్వాత నేను. మూడు రోజులు ఆమె చదువుతుంటే నేను ఆ పుస్తకం చుట్టూ తిరిగేదాన్ని. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందో, ఆపి పైకప్పు వైపు చూస్తే ఎందుకు చూసిందో ఊహించుకునేదాన్ని. నాలుగో రోజు పుస్తకం నా చేతికొచ్చేది. ఇక అక్కణ్ణుంచి అప్పకి కుదురుండేది కాదు.

"ఎక్కడున్నావు?" అని ఎదురుగా వచ్చి కూర్చునేది. "ఆ పిల్ల రైలెక్కిందా?"

"ఎక్కలేదు. నువ్వెల్లు."

"ఓ, ఎక్కలేదా. అయితే ఇంకా ఉందిలే."

ఆ 'ఇంకా ఉందిలే' చాలు నా ఆనందమంతా పోవడానికి. రైలెక్కుతుందని తెలిసిపోయింది కదా. ఎక్కాక ఏదో జరుగుతుందని కూడా తెలిసిపోయింది. చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేదాన్ని. బావి గట్టు మీద కూర్చుని చదువుకునేదాన్ని.

నాకు పదమూడేళ్ళప్పుడు ఒక హత్య కథ తెచ్చాడు నాన్న. ఎవరు చంపారో తెలియక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు నేను. ఇంకా పది పేజీలు ఉన్నాయనగా వాన మొదలైంది. బట్టలు తియ్యమని అమ్మ కేకేసింది. పుస్తకం బోర్లించి, బట్టలు తీసుకుని తడుస్తూ లోపలికొచ్చాను. గుమ్మంలో నిలబడి ఉంది అప్ప. ఆమె మొహం చూడగానే భయమేసింది. చెప్పొద్దని నేను నోరు తెరిచే లోపే చెప్పేసింది.

"వంటోడే."

అంతే, ఒక్క మాట. నా చేతిలో బట్టలన్నీ నేలమీద పడేశాను. అయిదు రోజులు ఆమెతో మాట్లాడలేదు. బతిమాలింది. నా వంతు అంట్లు తోమింది. జీడిపళ్ళు కోసి ఉప్పు చల్లి ఆకులో పెట్టి నా పక్కన ఉంచింది. ముట్టుకోలేదు. ఆరో రోజు పొద్దున్న బావి దగ్గర ఇద్దరం పళ్ళు తోముకుంటుంటే అటు తిరిగే అంది:

"తెలిసింది ఎవరితోనో ఒకలితో సెప్పుకోకపోతే నాకు ఊపిరాడదే. నువ్వు కాక ఇంకెవలున్నారు నాకు, పుస్తకాల సంగతి సెప్పుకోడానికి?"

అది తప్పించుకోడానికి చెప్పిన సాకనుకున్నాను. అయినా నవ్వొచ్చింది, మాట్లాడాను.

ఆ తర్వాతి పుస్తకానికి నేనొక ఉపాయం చేశాను. నాన్న సంచిలోంచి ముందే తీసి, చివరి పన్నెండు పేజీలూ కలిపి నల్లదారంతో అంచున కుట్టేశాను. అప్ప చూసింది. మూడు రోజులు బుద్ధిగా చదివి నాకిచ్చింది. కుట్టు కుట్టులాగే ఉంది. ఒక్కమాట కూడా బయటపెట్టలేదు. నేను హాయిగా చదువుకుని, చివరికొచ్చి, కత్తెరతో దారం తెంపుతుంటే పక్కనే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"నీలం దారం సూసుకోలేదేటే? నల్లది తెగిపోనాది. అమ్మ డబ్బాలో నీలమే దొరికింది."

విప్పి, చదివి, మళ్ళీ అదే కన్నాల్లోంచి కుట్టింది. లైబ్రరీ ఆయన ఆ కన్నాలు చూసి నాన్ననడిగాడు. నాన్న ఇంటికొచ్చి మమ్మల్నడిగాడు. ఇద్దరం ఒకేసారి "ఎలకలు" అన్నాం.

అప్పకి ఇరవయ్యో ఏట పెళ్ళయింది. ఉద్దానంలో, అక్కుపల్లి వెళ్ళే దారిలో ఒక ఊరు. కొబ్బరి, జీడి, మధ్యలో పనస. మా బావ మంచి రైతు. పుస్తకం అంటే మాత్రం పిల్లలు బడికి తీసుకెళ్ళే వస్తువని ఆయన అభిప్రాయం. తోటలో పని, అత్తగారి మంచం పని, తర్వాత పిల్లలు. అప్ప చదవడం తగ్గిపోయింది. నాకు టెక్కలిలో డిగ్రీ అయ్యాక కాశీబుగ్గ సంబంధం కుదిరింది. మా ఆయనా నేనూ నోటుపుస్తకాలు, పెన్నులు, పాత పుస్తకాలు అమ్మే చిన్న షాపు పెట్టుకున్నాం. నాకు చదువుకోడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. ఏదైనా రెండు కాపీలొస్తే ఒకటి నాకుంచుకుని, ఒకటి అటు వెళ్ళే ఆటోవాడి చేతికిచ్చి అప్పకి పంపేదాన్ని. వారానికో పది రోజులకో మధ్యాహ్నం ఫోనొచ్చేది.

"అయిపోనాదే. నీ కాడున్నది నువ్వు సదివీసావా?"

"లేదప్పా, సగంలో ఉన్నాను."

"సివర సెప్పనా?"

"సెప్పావంటే ఫోన్ ఎట్టేత్తాను."

"అది కాదే, ఆ ముసలమ్మ ఉంది సూడు..."

పెట్టేసేదాన్ని. నవ్వుతూనే పెట్టేసేదాన్ని, ఆమె నవ్వు సగంలో తెగిపోయేది. అది మా ఇద్దరికీ అలవాటైన ఆట. అయితే నేను ఆ పుస్తకం పూర్తిచేసే వేళకి షాపులో బడి తెరిచే రోజుల రద్దీ వచ్చేది, లేకపోతే వాళ్ళింట్లో జీడిపిక్కలు ఏరే రోజులొచ్చేవి. తిరిగి ఫోన్ చేసి ఆ ముసలమ్మ సంగతి మాట్లాడుకున్నది చాలా తక్కువసార్లు. అలా ఎన్ని ముసలమ్మలు, ఎన్ని రైళ్ళు, ఎన్ని పెళ్ళిళ్ళు మా మధ్య మాట్లాడుకోకుండా ఉండిపోయాయో ఇప్పుడు లెక్క తెలియదు.

అప్పకి కాళ్ళు ఉబ్బడం మొదలైనప్పుడు ఎవరూ ఆమెకి ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ ఆ వాపుని చూడగానే కిడ్నీల జబ్బని గుర్తుపడతారు. వాళ్ళ అత్తగారు అలాగే పోయింది. పక్కింటాయన అలాగే పోయాడు. రక్తపరీక్ష కాగితం తెచ్చి నా షాపులో బల్లమీద పెట్టి, "సూడు, నాకూ వచ్చీసింది" అంది, ఏదో ఎదురుచూస్తున్న ఉత్తరం వచ్చినట్టు. రెండేళ్ళు మందుల మీద నడిచింది. ఆ తర్వాత డయాలసిస్. పలాసలో, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు.

బావ పొద్దున్నే ఆటోలో తెచ్చి దింపేవాడు. మంగళవారం, శనివారం నేను వెళ్ళి కూర్చునేదాన్ని, ఆయన తోట పనికి వెనక్కి వెళ్ళేవాడు. షాపు మా ఆయన చూసుకునేవాడు. గది నిండా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక మిషను. దాదాపు అందరూ అటువైపు ఊళ్ళవాళ్ళే. మంచమెక్కే ముందు ఒక్కొక్కరూ బరువు చూసుకునేవారు. పోయినసారికీ ఈసారికీ ఒంట్లో ఎంత నీరు చేరిందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఎండాకాలంలో కూడా కొలిచి తాగాలి నీళ్ళు. కొబ్బరినీళ్ళు అసలు తాగకూడదు. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్న మనిషికి ఆ మాట చెప్పారు. అప్ప వినేసి, "పోనీలే, జీడిపప్పు తినొచ్చేమో" అంది. అదీ కూడదన్నారు.

ఎడమచేతికి సూదులు గుచ్చాక ఆ చెయ్యి కదపకూడదు. రెండో చేత్తో పుస్తకం పట్టుకుంటే కాసేపటికే లాగేసేది. నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవడం ఆమె వల్ల అయ్యేది కాదు. "ఏటైనా సదివి ఇనిపించవే," అంది ఒకరోజు. ముప్పై ఏళ్ళ తర్వాత మేమిద్దరం మళ్ళీ ఒకే పుస్తకం దగ్గరికి వచ్చింది అలాగ.

ఆ పుస్తకం మా షాపుకి పాతపుస్తకాల కట్టలో వచ్చింది. అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలు లేవు. పేరేమిటో, రాసినవాళ్ళెవరో తెలియదు. మూడొందల పేజీల లావు నవల. వెనకటి రోజుల్లో మన రేవుల నుంచి మనుషులు ఓడలెక్కి రంగూన్‌కి కూలికి వెళ్ళిన కాలం నాటి కథ. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక ఆడమనిషి, పెళ్ళయి ఏడాది కాలేదు. మొగుడు ఓడెక్కి వెళ్ళడానికి సిద్ధమవుతుంటాడు. నేను కూడా చదవలేదు దాన్ని. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అయిదో పేజీ నుంచి మొదలుపెట్టాను. ఒక్క పేజీ అయిందో లేదో అప్ప అడిగింది.

"ఆడు తిరిగొత్తాడా, రాడా?"

"నాకేటి తెలుసు? నేనూ ఇప్పుడే కదా సదువుతన్నాను."

"సివర సూసి సెప్పు. అప్పుడు సదువు."

"సూడను."

"ఏటైపోద్దే సూత్తే? పుస్తకం అరిగిపోద్దేటి?"

"అప్పా, ఇన్నాల్లకి ఒక్క పుస్తకం ఇద్దరం కలిసి తెలీకుండా సదువుదాం. ఒక్కటంటే ఒక్కటి."

ఏమనుకుందో, సరే అంది. పక్క మంచం మీద ఉన్న ముసలాయన, "ఒత్తాడమ్మా, ఒత్తాడు, రాకేటి సేత్తాడు" అన్నాడు కళ్ళు మూసుకునే.

మొదటి రెండు రోజులు ముప్పై పేజీలు నడిచాయి. తర్వాతి శనివారం మా ఆయన కంటి ఆపరేషన్‌కి శ్రీకాకుళం వెళ్ళాల్సొచ్చి నేను రాలేకపోయాను. పుస్తకం అప్ప సంచిలోనే ఉండిపోయింది. ముందురోజు ఫోన్ చేసి మరీ హెచ్చరించాను, చివర చూసిందంటే ఒప్పుకోనని. "సూదులున్న సేత్తో నేనేటి సూత్తానే," అంది.

ఆ తర్వాతి మంగళవారం చదివిన ఘట్టం నాకు బాగా గుర్తు. ఓడ రేపనగా ఆ మొగుడు ఒక దారం తీసుకుని పెళ్ళాం పాదం కొలత తీసుకుంటాడు. మడమ నుంచి బొటనవేలి దాకా. రంగూన్‌లో మంచి చెప్పులు దొరుకుతాయట, కొలత ఉంటే సరిగ్గా సరిపోయేవి తెస్తానంటాడు. ఆమెకి చక్కిలిగింత పుట్టి పాదం లాక్కుంటుంది. కొలత తప్పిందని అతను మళ్ళీ తీస్తాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. రాసినవాళ్ళు ఎవరోగాని చాలా సరదాగా రాశారు. నేను కూడా నవ్వుతూ చదువుతున్నాను. తలెత్తి చూస్తే అప్ప కుడిచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"సూది నొప్పిగా ఉందా?" అన్నాను. సిస్టర్ని పిలవబోయాను.

"వద్దు. సదువు," అంది. కాసేపాగి, దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన తన పాదాల వైపు చూసుకుంది. వాపుతో వేళ్ళ మధ్య సందు కూడా లేదు. మగవాళ్ళ చెప్పులు వేసుకుని వచ్చేది ఆ రోజుల్లో.

ఓడ వెళ్ళింది. ఉత్తరాలు వచ్చాయి, ఆగిపోయాయి. ఆ ఆడమనిషి రేవుకి రోజూ వెళ్ళడం, తర్వాత వారానికోసారి వెళ్ళడం, తర్వాత పండగలకి మాత్రం వెళ్ళడం. రోజుకి పాతిక, ముప్పై పేజీలు చదివేదాన్ని. మధ్యలో అప్ప నిద్రపోయేది, కాళ్ళు పట్టేస్తే నేను నొక్కేదాన్ని, ఒకోసారి చలితో వణికిపోయేది. తేరుకోగానే "ఊఁ, ఎక్కడున్నాం?" అనేది. ప్రతి అధ్యాయం చివరా అదే అడిగేది, "వత్తాడంటావా?" నేను వస్తాడనేదాన్ని. "నాకూ అలాగే అనిపిత్తంది," అనేది.

అయిదో వారంలో ఒక సోమవారం సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "మీ అప్ప రేపు రానంటంది. ఇసిగిపోనాదట. నువ్వొకసారి సెప్పు," అని ఫోన్ ఆమెకిచ్చాడు.

ఒక రోజు మానితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నోటికొచ్చింది అన్నాను.

"రంగూన్ నుంచి ఎవడో మనిషొచ్చాడని ఆపేం కదప్పా. ఆడేటి కబురు తెచ్చాడో తెలియాలా, వద్దా?"

"నీకు తెలుసుకోవాలనుందేటే?" అంది.

"ఉండదా మరి?"

"సరే. వత్తాను."

వచ్చింది. ముగింపు కోసమే వచ్చిందనుకున్నాను. నా మొండితనం ఇన్నాళ్ళకి ఒక మంచి పనికి ఉపయోగపడిందని లోపల గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత కావాలనే నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాను. మంచి పట్టులో ఉన్నప్పుడు పుస్తకం మూసేసి, "మిగతాది శనివారం" అనేదాన్ని. ఆమె నా మొహం చూస్తూ ఉండేది.

ఏడో వారం మంగళవారానికి ఇంకా నలభై పేజీలు మిగిలాయి. రోజూ ఉన్నంత నీరసంగా కూడా లేదు ఆరోజు. నేను గుర్తు పెట్టుకున్న పేజీ తియ్యబోతే ఆపింది.

"ఆ పాదం కొలిసిన కాడ మల్లీ సదువు."

"అదెప్పుడో అయిపోయింది కదా. ముందుకెల్దాం అప్పా. దగ్గరికొచ్చేసేం, ఇంకెంతో లేదు."

"అయిపోతే ఏటి సేత్తాం? మల్లీ సదువు."

చదివాను. ఈసారి ఏడవలేదు. ఆ ఆడమనిషి పాదం లాక్కున్న చోట కొంచెం నవ్వింది. మిగతా రోజంతా ముందుకి వెళ్ళనివ్వలేదు. వెళ్ళేటప్పుడు ఆటోలో కూర్చుని, "శనివారం బేగి రా," అంది.

గురువారం ఆమె డయాలసిస్‌కి బయల్దేరే ముందే, పొద్దున్న తొమ్మిదింటికి, వాళ్ళ వాకిట్లో అరుగు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. నేను వెళ్ళేసరికి అరుగు మీదే పడుకోబెట్టారు. సంచి పక్కనే ఉంది, అందులో దుప్పటి, పుస్తకం.

కార్యాలన్నీ అయ్యాక, ఒక మంగళవారం, నా కాళ్ళు అలవాటుగా ఆసుపత్రి వైపే నడిచాయి. లోపలికెళ్ళి అందరినీ పలకరించి వద్దామనుకున్నాను. అప్ప పడుకునే మంచం మీద ఎవరో కొత్తాయన ఉన్నాడు. ఆ గదిలో పనిచేసే నర్సు నన్ను చూసి బయటికొచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, మందస వైపు ఆవిడ. అప్పకి సూది గుచ్చేటప్పుడు ఆవిడైతేనే చెయ్యిచ్చేది. వరండాలో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆవిడడిగింది:

"ఆ పుస్తకం మొత్తం సదివీసేరామ్మా?"

"లేదు సిస్టర్. చివర ఇంకా నలభై పేజీలున్నాయి. ఆమెకి చెప్పకుండానే ఉండిపోయింది." అప్పటికి పదిహేను రోజులుగా నన్ను తినేస్తున్నది అదే. అడిగినప్పుడు చివరి పేజీ చూసి చెప్పేసి ఉండాల్సింది. ఏమైపోయేది?

నర్సు చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

"సెప్పొద్దన్నారు గాని సెప్పేత్తానమ్మా. ఆవిడకి తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ కథ సివర. మీరొక శనివారం రాలేదు కదా, సారుకి కంటి ఆపరేషనని. ఆ రోజు మిషను పెట్టాక నన్ను పిలిసి, 'సిస్టర్, ఆ సంచిలో పుస్తకం తీసి సివరి రెండు పేజీలు సదివి ఇనిపించండి' అన్నారు. నాకు పనుందమ్మా అన్నాను. 'రెండే' అన్నారు. సదివేను."

నేను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"సదివేక కల్లు మూసుకుని పడుకున్నారు. నేను లేచి ఎల్లబోతుంటే సెయ్యి పట్టుకుని, 'మా సెల్లికి సెప్పకండి. దానికి ముందు తెలిసిపోతే సదవడం మానేత్తాది' అన్నారు. తర్వాత అన్నారు, 'అది సదువుతుంటే నాకు నందిగాంలో ఉన్నట్టుంటాది' అని."

ఆవిడ లోపల ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది. నేను ఆ బెంచీ మీద ఎంతసేపు ఉన్నానో తెలియదు. మొదట వచ్చింది కోపమే. అయిదు వారాలు నా ఎదురుగా పడుకుని, "వత్తాడంటావా?" అని అడిగింది, ఏమీ తెలియనట్టు. నేను వస్తాడంటే తలూపింది. ఆ కోపం నిలవలేదు. మా అప్ప గురించి నాకు తెలిసినంతవరకూ, పుస్తకం చివర తెలిసీ నాకు చెప్పకుండా ఆమె వారం రోజులకి మించి ఉండలేదు. చెప్పుకోకపోతే ఊపిరాడదన్న మనిషి. అలాంటిది రెండు రోజులకోసారి సూదుల నొప్పితో, దాహంతో, కాళ్ళు పట్టేస్తుంటే కూడా, నాలుకమీదున్న మాట మింగుకుని, నా కోసం తెలియనిదానిలా ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే షాపు వెనక గదిలో కూర్చుని మిగిలిన నలభై పేజీలూ చదివాను. అతను రాడు. రంగూన్‌లో ఏదో జ్వరం పడి ఎప్పుడో పోతాడు. పద్నాలుగేళ్ళ తర్వాత అతనితో పనిచేసిన ఇంకొకడు ఊరికొచ్చి, కాగితంలో చుట్టిన చెప్పుల జత ఆమెకిస్తాడు. లోపల ఆ దారం ముక్క కూడా ఉంటుంది. ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టి చూస్తుంది. ఉప్పునేలలో, ఎండుచేపల పనిలో, పద్నాలుగేళ్ళు నడిచిన పాదాలు. పగిలి, వెడల్పయి, వేళ్ళు విచ్చుకుపోయి ఉంటాయి. చెప్పులు పట్టవు. వచ్చినవాడు తలదించుకుంటే, "కొలత సరిగ్గానే తీసేడు బాబూ, నేనే పెరిగిపోనాను," అంటుంది. కథ అక్కడితో అయిపోతుంది.

చదవగానే నేను ముందుకి కాదు, వెనక్కి తిప్పాను. పాదం కొలిచే చోటికి. నేను నవ్వుతూ చదివి వినిపించిన పేజీ. ఆ రోజు ఆ గదిలో ఒకే పేజీని మేమిద్దరం రెండు రకాలుగా విన్నాం. నాకది సరదా. ఆ దారం ఏమవుతుందో తెలిసిన అప్పకి ఆ నవ్వే భరించరానిది. ముగింపు తెలిస్తే చదవడానికేం మిగలదని వాదించిన నాకు, ఆ పేజీలో ఉన్నదంతా కనబడడానికి మూడొందల పేజీలు పట్టింది. ఆమె మొదటిసారే చూసింది. రెండోసారి అడిగి మరీ చదివించుకున్నది అందుకేనేమో. చిన్నప్పుడు చివరి పేజీలు తిప్పేసి, గోడకి ఆనుకుని, తీరిగ్గా చదువుకున్నవన్నీ ఆమె అలాగే చదువుకుందా? నాకు తెలియదు. అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, చెవులు మూసుకుని పరిగెత్తడమే తెలుసు నాకు.

అయినా ఒక్క మాట నిజం చెప్పాలి. ముగింపు తెలియకుండా ఆ చివరి పేజీలకి వచ్చినప్పుడు, కాగితం విప్పితే చెప్పులు కనబడ్డప్పుడు, నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. అది అప్పకి దొరకలేదు. దాన్ని నాకు ఉంచడం కోసమే నోరు కట్టుకుంది. కానీ ఆ వెంటనే నాకు కావలసింది ఒక్కటే, పక్కన మనిషి. "సూసేవా, నేనే పెరిగిపోనాను అంటంది," అని ఒక మాట అనాలి. అవతలి మనిషి "ఊఁ" అనాలి. బావి గట్టు దగ్గర ఆమె అటు తిరిగి అన్నది సాకు కాదని అప్పుడు తెలిసింది. ఆమె ఎప్పుడూ నా ఆనందం పాడుచేయాలని చెప్పలేదు. తను ముందే చేరిపోయిన చోటికి నన్ను కూడా బేగి రమ్మని పిలిచింది. ఆ శనివారం కూడా నర్సు చదివి వినిపించాక నాకు ఫోన్ చేసి, "రాడే, సెప్పులొత్తాయి" అని చెప్పేసి ఉంటే, నేను అరిచేదాన్ని, రెండు రోజులు అలిగేదాన్ని. తర్వాత అయిదు వారాలు మేమిద్దరం ఆ చెప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. నాకు ఇప్పుడు ఆ అయిదు వారాలు కావాలనిపిస్తుంది.

ఈ మధ్య ఏ నవల మొదలుపెట్టినా సగానికొచ్చేసరికి మనసు ఫోన్ వైపు పోతుంది. చివర చెప్తానని బెదిరించేవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి ముగింపూ నాకు చెక్కుచెదరకుండా అందుతోంది. చదివి, మూసి, బల్లమీద పెట్టి షాపులో కూర్చుంటున్నాను.

నెల క్రితం ఆ నర్సు మా షాపుకొచ్చింది. వాళ్ళమ్మాయికి రికార్డు పుస్తకాలు కావాలంది. కట్టి ఇస్తుంటే కొంచెం మొహమాటంగా అడిగింది.

"అమ్మా, ఆ నవల ఉందా మీ దగ్గర? నాకు సివరి రెండు పేజీలే తెలుసు. ఆ సెప్పులు ఎవులు పంపేరో, ఎందుకు పంపేరో తెలీదు. ఆవిడకి సదివినప్పటి నుంచి అదే బుర్రలో తిరుగుతంది."

లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చాను. అట్ట లేని పుస్తకం కదా, చిరిగిపోకుండా పాత క్యాలెండరు కాగితం చుట్టి ఇచ్చాను. డ్యూటీ అయ్యాక ఇంటికెళ్ళే దారే కాబట్టి ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి షాపు ముందు ఆగుతుంది. ఎంతవరకూ వచ్చిందో చెబుతుంది. నిన్న సాయంత్రం బస్సుకి టైమవుతోందంటూనే లోపలికొచ్చింది.

"ఆ దారంతో కొలత తీసింది సదివేనమ్మా," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

స్టూలు ముందుకి జరిపి, కూర్చోమన్నాను.